జీపుబండి రేకుల పగుళ్లు: వాని కారణము, మరమ్మతు

మన సంఘ సభ్యులలో సొంతముగానో, ఇద్దఱు ముగ్గురు కలసియో జీపు నుంచుకొనువారు కొందఱు కలరు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యముకొఱకు 1941లో విల్లీసు కంపెనీవారు చేయ మొదలిడిన యీ బండిని, మనదేశమునందు 1947 నుండి మహీంద్రావారు కూర్చి విక్రయింప నారంభించిరి. నాలుగు చక్రములకును ఇంజను బలము చేరునట్టి బండి యగుటచే బురదదారులలోను, ఇసుకవాగులలోను, పాడేరు అరకు ప్రాంతముల కొండబాటలలోను దీనికి సాటివచ్చునవి తక్కువ. (వెనుక చక్రములకు మాత్రమే బలము చేరు జీపులును కలవు. ఈ వ్యాసమున చెప్పునది వానికిని వర్తించును.) ఇంజను విషయమున మన రైతులు మంచి శ్రద్ధ వహింతురు. నూనె మార్చుదురు, గాలిజల్లెడ దులుపుదురు, బెల్టు వదులైనదేమో చూచుకొందురు. రేకుల మాట వచ్చునప్పటికి మాత్రము "రేకే గదా" యని ఊరకుందురు. ఆ ఊరకుండుట వలన గలుగు నష్టమును, దానిని తప్పించుకొను మార్గమును ఇచట వివరింపదలచితిమి.

కొన్నియేండ్లు పని చేసిన జీపునకు, దిగు ఎక్కు చోటి క్రిందిమూలయందు వెండ్రుకవంటి గీత యొకటి కనబడును. రెండు వ్రేళ్ల పొడవైన తరువాత గాని యజమాని దానిని గమనింపడు. అంతట బండిని టింకరింగు షెడ్డునకు తోలుకొనిపోవును. అచటి పనివాడు గీతపొడవునను వెల్డింగు చేసి, పుట్టీ పూసి, రంగు కొట్టి పంపును. కొన్ని నెలలు గడచునప్పటికి ఆ వెల్డింగునకు అరవ్రేలు దూరమున క్రొత్త పగులు పుట్టును. మఱల వెల్డింగు, మఱల పుట్టీ. రెండుమూడేండ్లలో ఆ మూల గంతల బొంతవలె తయారగును. రేకు మంచిది కాదని పనివాడనును; పనివాడు మంచివాడు కాడని యజమాని యనును. ఇద్దఱును పగులును మాత్రమే చూచిరి. దానిని పుట్టించిన కదలికను ఎవరును చూడలేదు. రేకు పగిలినదన్నచో, ఆ చోట అది తాను మోయనక్కఱలేని బరువును మోయుచున్నదని యర్థము. ఆ బరువు ఎచటినుండి వచ్చుచున్నదో కనుగొని తొలగింపనంతవఱకు ఎంత చక్కని వెల్డింగైనను నిలువదు.

రేకు ఒక్క దెబ్బతో ఇట్లు పగులదు. ఒక్క దెబ్బకు సొట్టపోవును, లేదా ముడుతపడును. ఇనుపతీగ నొకమారు వంచిన విఱుగదు. అటునిటు పలుమార్లు వంచిన విఱుగునని పిల్లవాండ్రును ఎఱుగుదురు. జీపు రేకునందు ఆ వంపు కంటికి కనబడనంత స్వల్పము. మార్లు మాత్రము లక్షలు. గతుకులదారిలో చక్రము సెకనునకు ఇంచుమించు పదిసార్లు అదరును. ఆ లెక్కను గంట ప్రయాణమునకు 36,000 అదురులు. దీనినే లోహపు అలసట యందురు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ జర్మనీదేశపు రైల్వేలలో ఇంజనీరైన వోలర్ అనునాయన రైలు ఇరుసులను ఏండ్లతరబడి పరీక్షించి, ఒకమారు సుళువుగా మోయగల బరువే లెక్కకు మిక్కిలిసార్లు పడినపుడు ఇరుసును విఱుచునని నిరూపించెను. ఆయన కనుగొనిన దింకొకటియు మనకు ఉపయోగకరము. ఉక్కునకు ఒక హద్దు కలదు. ఆ హద్దునకు లోబడిన అదురులు ఎన్ని పడినను అది అలసిపోదు. కావున బరువును ఆ హద్దు లోపలికి దించుటయే మన పని. రేకును రాయివలె గట్టిపఱచుట కాదు.

ఇక పగులు ఆ మూలయందే ఏల మొదలగును? బట్టలకొట్టువాడు గుడ్డను చింపునపుడు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టును. ఆ గాటు లేనిదే గట్టి గుడ్డ చినుగదు. గాటు పడిన తరువాత రెండు చేతులతో లాగినచాలు, చర్రున సాగిపోవును. లాగుడంతయు గాటుమొనయొద్ద పోగగుటయే దీనికి కారణము. ఇంగ్లండునందు ఇంగ్లిస్ అను పండితుడు 1913లో దీనిని లెక్కగట్టి చూపెను. లాగబడుచున్న వెడల్పైన రేకునందు గుండ్రని రంధ్రమున్నచో దాని అంచున లాగుడు మూడింతలగును. రంధ్రము కోలగా, మొనదేలి ఉన్నకొలదియు అది ఇంకను పెరుగును. 1954లో కామెట్ అను జెట్ విమానములు రెండు, జనవరిలో నొకటి, ఏప్రిలులో నొకటి, ఇటలీ సమీపమున సముద్రములో కూలినవి. పరిశోధింపగా, పైరేకునందలి కంతల మూలలయొద్ద అలసటవలన పగుళ్లు పుట్టి సాగినవని తేలినది. విమానమునకు ప్రాణాంతకమైనదే జీపు మూలయందు చిన్నయెత్తున జరుగుచుండును. కోసిన రేకు అంచున ఆకురాయి పట్టని గఱుకు, చతురస్రముగా కోసిన రేడియో కంత, ఎవరో ఉలితో పొడిచి చేసిన తీగెదారి, ఇవన్నియు కత్తెరగాట్లే.

లాగుడు ఎచటినుండి వచ్చుననుట ముఖ్యమైన ప్రశ్న. జీపునకు వెన్నెముక చాసీ. పొడవైన ఇనుప దూలములు రెండు, వాని నడుమ అడ్డుపట్టీలు. చూచుటకు నిచ్చెనవలె ఉండును. ఎడమ ముందుచక్రము గట్టుపైకి ఎక్కి, కుడిచక్రము బోదెలోనికి దిగినపుడు ఈ నిచ్చెన మెలిపడును. అది దోషము కాదు. కొంత మెలిపడుటకే దాని నట్లు నిర్మించిరి. పైనున్న బాడీ మాత్రము పెట్టె. పెట్టె మెలికను ఒప్పుకొనదు. ఈ రెంటి నడుమ సంధి కుదుర్చుటకు, బోల్టుబోల్టుకడను రబ్బరు దిమ్మలు వేయుదురు. చాసీ మెలికలో కొంతభాగమును రబ్బరు తనయందే యణచుకొనును; మిగిలినదే బాడీకి చేరును.

ఎండకును, నూనెకును ఈ రబ్బరు కొన్నియేండ్లలో ఎండి రాయివలె నగును, లేదా నలిగి రాలిపోవును. అపుడు కొన్ని షెడ్లలో ఏమి చేయుదురనగా, రబ్బరునకు బదులు ఇనుప వాషరులు నాలుగైదు పేర్చి బోల్టు బిగింతురు. కొందఱు చెక్కముక్క పెట్టుదురు. బండి చప్పుడు చేయుట మానును. యజమాని సంతోషించును. కాని నాటినుండి చాసీ మెలిక యంతయు రేకుమూలల మీద పడును. బోల్టును అతిగా బిగించి రబ్బరును అప్పడమువలె నలిపివేసినను ఫలము అదియే. ఒక బోల్టు ఊడిపోయినచో దాని వంతు బరువు ఇరుగుపొరుగు బోల్టులమీద బడి, ఆ చోట్ల రేకు పగులును. పగిలిన చోటు ఒకటి, రోగమున్న చోటు మఱియొకటి యగుట ఇట్టిదే.

దీనిని ఇంటికడనే పరీక్షింపవచ్చును. బండిని చదునైన నేలపై నిలిపి, తలుపునకును రేకునకును నడుమనున్న సందును పైనను క్రిందను కొలిచి వ్రాసికొనవలెను. తలుపులు లేని జీపైనచో, ఎక్కుచోటి ఖాళీని మూలనుండి మూలకు ఏటవాలుగా రెండువిధముల కొలువవలెను. పిమ్మట ఒక ముందుచక్రమును జానెడు ఎత్తు గట్టుమీదికి మెల్లగా ఎక్కించి, మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, అవే కొలతలు మఱల తీయవలెను. రెండవ ప్రక్క చక్రముతోను ఇట్లే చేయవలెను. రెండు ప్రక్కలను స్వల్పముగా, సమముగా మాఱిన భయము లేదు. ఒక ప్రక్కనే మిక్కిలి మాఱినచో ఆ ప్రక్క దిమ్మలను విప్పి చూడవలసినదే. ఇంకొక పరీక్ష: ఒకరు బండిని ప్రక్కకు ఊపుచుండగా మఱియొకరు ప్రతి దిమ్మకడను దీపము పట్టి చూచినచో, ఏది అసలు కదలకున్నదో, ఏది ఎగిరెగిరి పడుచున్నదో తెలియును. ఆ సందులో వ్రేలు పెట్టరాదు.

మెలికయే గాక, తగిలించిన బరువులును పగుళ్లకు కారణములు. వీనిలో మొదట చెప్పదగినది అదనపు చక్రము. టైరుతో కూడ అది 20 నుండి 30 కిలోల వఱకు తూగును. దానిని వెనుక రేకునకో, ప్రక్క రేకునకో నాలుగు బోల్టులతో వ్రేలాడదీసి గతుకులలో తోలినపుడు, ఎగిరిపడిన ప్రతిసారియు ఆ బరువు రెండింతలై మూడింతలై రేకును పట్టి గుంజును. బోల్టుల చుట్టును నక్షత్రాకారముగా పగుళ్లు సాగుట మనమందఱమును చూచినదే. అచట వెల్డింగు చేయుట శుద్ధ దండుగ. ఆ బరువును రేకునుండి తప్పించి, గొట్టముతోనో పట్టీతోనో నేలదూలమునకు దింపవలెను. టైరు ఆనునట్లు రబ్బరు బిళ్లలు రెండు పెట్టి, అదరకుండ బిగింపవలెను.

టాపు గొట్టముల పాదములు రెండవ చోటు. ఈ గొట్టములు గుడ్డను మోయుటకు పెట్టినవి. మనవారు వానిపై పలకలు పఱచి, కూరగాయల బుట్టలును ఎరువుబస్తాలును వేయుదురు. కొండదారులలో మనుష్యులును ఎక్కుదురు. అంత యెత్తున నున్న బరువు మలుపు మలుపునను అటునిటు ఊగి, గొట్టపు పాదములను చీలలవలె పెకలించును. రేకు పగుళ్లు అచట హెచ్చరిక మాత్రమే. ఆ హెచ్చరికను పుట్టీతో కప్పినవారు, ఒకనాడు టాపు జనముతోడనే ఒరిగిపోవుటకు సిద్ధపడవలెను.

ముందు అద్దపు చట్రము బాడీకి కలియు కీలుల కడను, మడ్గార్డు ముందుజాలికి కలియు చోటను వచ్చు పగుళ్లు తఱచు వదులైన బోల్టుల వలననే. బ్యాటరీ పెట్టు పళ్లెము చుట్టును వచ్చునవి వేఱు. అచట బరువుతోపాటు ఆమ్లపు చెమ్మ రేకును తినివేసి పలుచన చేయును. పెద్ద బ్యాటరీయో రెండవ బ్యాటరీయో తగిలించువారు క్రింద ఆధారపు పట్టీ వేయక, ఉన్న పళ్లెముపైనే పెట్టుట వాడుక. అట్లు చేయరాదు.

పీఠముల బోల్టులు, నడుముబెల్టు బోల్టులు, తలుపు కీలులు ఉన్నచోట పగులు వచ్చినచో, మరమ్మతు పూర్తియగువఱకు ఆ పీఠమున మనిషిని కూర్చుండబెట్టరాదు. బండి దేనికైన తగిలినపుడు మనిషిని పట్టి యుంచవలసినది ఆ రేకే గదా. చాసీ దూలమునందు, స్టీరింగు పెట్టె బిగించిన చోట, కమాను కట్టలు వ్రేలాడు కొక్కెములకడ పగులు కనబడినచో అది రేకుపని యసలే కాదు. బండిని అచటనే నిలిపి, చాసీపని తెలిసిన పెద్ద కార్ఖానాకు వేఱొక బండిపై చేరవేయుట మంచిది. "సంత ముగించుకొని వత్తము" అని తోలుట కూడదు.

పగులును గుర్తించు విధమును తెలిసికొందము. రంగుమీద కనబడు ప్రతిగీతయు రేకుపగులు కాదు. సన్నని గీతలు చాల, ఎండిన చెఱువు అడుగువలె నలుదిక్కుల అల్లుకొనియున్న, అది రంగో పుట్టీయో ఎండి బీటలువాఱుట. ఒకే గీత మూలనుండి గాని రంధ్రమునుండి గాని బయలుదేఱి, దాని వెంబడి ఎఱ్ఱని తుప్పుమరక యున్నచో అది రేకుపగులే. సందేహమున్నచో రంగు గీకివేసి, కిరసనాయిలు పూసి పావుగంట ఉంచవలెను. అది దొరకనిచోట డీజిలైనను పనికివచ్చును. పిమ్మట పొడిగుడ్డతో శుభ్రముగా తుడిచి, మెత్తని సుద్దపొడి చల్లి, కొయ్యసుత్తితో ప్రక్కన మెల్లగా తట్టవలెను. పగులులో దాగిన నూనె పైకి ఉబికి, తెల్లని సుద్దపై తడిగీతయై కనబడును. పూర్వము రైల్వే కార్ఖానాలలో ఇరుసుల పగుళ్లను ఇట్లే పట్టెడివారు. పగులు కొన మనము అనుకొనినదానికంటె ఎంత దూరమున నున్నదో ఈ పరీక్షవలన తెలియును.

కొన తెలిసిన తరువాత అచట చిన్న అడ్డగీత గీచి, ప్రక్కన తేదీయు, మీటరుపై కిలోమీటర్ల అంకెయు రంగుతో వ్రాయవలెను. నెల గడచిన పిదప మఱల చూడవలెను. ఏ పగులు నిలిచియున్నది, ఏది సాగుచున్నది అనునది దీనివలన తేటపడును. రబ్బరు దిమ్మలు మార్చి, బోల్టులు సరిచేసిన తరువాత ఎన్నో పగుళ్లు ఉన్నచోటనే నిలిచిపోవును. బరువు మోయనిచోట అట్లు నిలిచిన పొట్టి పగులును, కొనయందు రంధ్రము చేసి, తుప్పుపట్టకుండ రంగు పూసి విడిచివేయుటయే నా యభిప్రాయమున ఉత్తమము. ప్రతి పగులును వెల్డింగు చేయవలెనను పట్టుదల డబ్బు చేటు. ఒక్కొక్కప్పుడు రేకునకును చేటు.

కొన రంధ్రము సంగతి: పగులు మొన కత్తివాదరవలె నుండును గనుక లాగుడు అచట పోగగునని పైన చెప్పితిమి. ఆ మొనను గుండ్రని రంధ్రముగా మార్చినచో లాగుడు వెంటనే తగ్గును. దీనికి 3 మొదలు 5 మిల్లీమీటర్ల డ్రిల్లు చాలును. కంటికి కనబడు కొనకంటె అసలు కొన కొంచెము ముందుండును. కావున రంధ్రమును ఆ ముందుచోటికి జరిపి వేయవలెను. తరువాత పెద్ద డ్రిల్లుమొనను చేతితో త్రిప్పి, రంధ్రపు అంచుల గఱుకు రెండువైపుల తీసివేయవలెను. గఱుకు విడిచినచో పాతగాటునకు బదులు క్రొత్తగాట్లు పెట్టినట్లగును. సుద్దపరీక్ష మఱల చేసి, గీత రంధ్రమును దాటి పోలేదని చూచికొనవలెను. ఇది పగులును ఆపుటకు కొంత వ్యవధి నిచ్చును. కారణము మిగిలియున్నచో రంధ్రపు ఆవలి అంచునుండి మఱల బయలుదేఱును.

వెల్డింగు చేయక తప్పనిచోట ఎట్లు చేయించవలెనో యజమానియు తెలిసియుండుట అవసరము. బండి రేకు ఒక మిల్లీమీటరునకు అటునిటుగా మందముండును. ఇనుపగేట్లకు వాడు కరెంటు వెల్డింగు కడ్డీతో దానిని తాకినచో కాలి చిల్లిపడును. చిల్లిని పూడ్చుటకు మఱింత లోహము పోసి, అచట గడ్డ కట్టింతురు. మన షెడ్లలో సీవోటూ వెల్డింగు అనబడు మిగ్ యంత్రము, 0.6 లేక 0.8 మిల్లీమీటర్ల తీగతో, ఈ పనికి తగినది. గ్యాసు వెల్డింగుతోను నేర్పరి చేయగలడు గాని, వేడి ఎక్కువ చోటికి ప్రాకి రేకు వంకరలు పోవును.

వెల్డింగునకు ముందు బండిని చదునుచేసి, సామాను దించి, అవసరమైన జాకీతో బాడీని కొంచెమెత్తి, పగులు అంచులు రెండును ఒకే మట్టమునకు వచ్చునట్లు చూడవలెను. మెలికపడియున్న స్థితిలో అతికినచో, ఆ మెలిక శాశ్వతముగ రేకులో నిలిచిపోవును. కొన రంధ్రమునొద్ద మొదలుపెట్టి రేకు అంచువైపునకు రావలెను. ఒక్కబిగిని గీయక, చిన్నచిన్న చుక్కలుగా అతికి, ఒకటి చల్లారువఱకు వేఱొకచోట అతుకుచు పోవలెను. తొందరపడి నీళ్లు చల్లరాదు. వెల్డింగు చల్లారునపుడు లోహము ముడుచుకొని ప్రక్కరేకును గుంజుచుండును. వెల్డింగు అంచున చిన్న మెట్టువంటి గాటును ఏర్పడును. గుంజుడును గాటును ఒకేచోట కూడినందువలననే క్రొత్త పగులు వెల్డింగు ప్రక్కనే పుట్టుట. కావున పైకి ఉబ్బిన గడ్డను చుట్టుప్రక్కల రేకుతో సమముగా నునుపుచేయవలెను. గ్రైండరుతో రేకునే అరగదీసి కాగితము చేయరాదు.

జాగ్రత్తలు కొన్ని కలవు. వీనిని పనివానికి విడువక యజమానియే దగ్గఱనుండి చూడవలెను. బ్యాటరీ తీగెలు రెండును విప్పవలెను. యంత్రపు ఎర్తు పట్టుకారును వెల్డింగు చేయుచోటికి దగ్గఱగా తగిలింపవలెను. దూరముగా చాసీకి తగిలించినచో విద్యుత్తు బేరింగుల గుండ ప్రవహించి వానిని పాడుచేయవచ్చును. పాత విల్లీసు తరహా బండ్లలో పెట్రోలు తొట్టి డ్రైవరు పీఠము క్రిందనే యుండును. దానిని విప్పి దూరముగ పెట్టనిదే నిప్పు ముట్టింపరాదు. తొట్టి ఖాళీగా నున్నదిగదా యని యేమఱరాదు: లోపలి ఆవిరి పెట్రోలుకంటె భయంకరము. బ్రేకు గొట్టములును, పీఠపు దూదియు, నేలపై పఱచిన గుడ్డయు తొలగించి, ఇసుకబొక్కెన దగ్గఱ నుంచుకొనవలెను. జింకుపూత గల రేకునుండి వెల్డింగునందు లేచు తెల్లని పొగ పీల్చినచో చలిజ్వరము వచ్చును గనుక పూతను గీకివేసి, గాలి వచ్చుచోట పని చేయవలెను. ఇటీవలి పెద్దబండ్లలో తలుపు స్తంభములు మొదలగువానికి మిక్కిలి బలమైన ప్రత్యేకపు ఉక్కు వాడుదురు. వేడి తగిలినచో దాని బలము పోవును. వానిని ఊరి షెడ్డులో వెల్డింగు చేయించుట ప్రాణముతో చెలగాటము.

ఇక అతుకుబిళ్ల. పగిలినచోట బలము చాలదని మనవారు మందపు ఇనుపముక్కయో, యాంగిలు ఇనుమో తెచ్చి చుట్టును వెల్డింగు చేయింతురు. పాత గోనెసంచికి టార్పాలిను ముక్క బిగించి కుట్టినచో ఏమగును? ముక్క చినుగదు, కుట్టు ప్రక్క గోనె చినుగును. రేకు సంగతియు అంతే. బిళ్ల మందము రేకు మందముతో సమముగా, లేదా ఒక్క మెట్టు ఎక్కువగా మాత్రమే యుండవలెను. చదరముగా గాక కోడిగ్రుడ్డు ఆకారమున కోసి, మూలలు లేకుండ చేయవలెను. ఖాళీరేకు నడుమ ముగించక, దగ్గఱనున్న మడతవఱకో దూలపట్టీవఱకో సాగదీయవలెను. మడతయే రేకునకు బలము. బిళ్లలో రంధ్రములు చేసి ఆ రంధ్రములను వెల్డింగుతో పూడ్చినచో, చుట్టును గీయుటకంటె వేడి తక్కువ, గాట్లు తక్కువ. బోల్టుల చుట్టును పగిలినచోట వెల్డింగుకంటె, రేకునకు లోపలివైపు అరచేయి అంత బిళ్లవేసి బోల్టు బిగించుటయే మేలు.

1948లో ఇంగ్లండున వెలువడిన ల్యాండురోవరు బండికి, యుద్ధానంతరము ఉక్కు కఱవగుటచే, అల్యూమినియము మిశ్రమపు రేకులు వాడిరి. నేటి కొన్నిబండ్ల బానెట్లును అట్టివే. అయస్కాంతము అంటకున్న రేకు ఇట్టిదని తెలిసికొనవచ్చును. అల్యూమినియమునకు ఉక్కునకువలె అలసటహద్దు లేదు. చిన్న అదురైనను చాలసార్లు పడినచో ఎప్పటికైనను పగులును. దానికి మామూలు ఇనుపవెల్డింగు పనికిరాదు. అదే లోహపు బిళ్లతో రివెట్లు వేయించుట తగినది. ఇనుపబిళ్ల నేరుగా తాకించినచో, సముద్రతీర గ్రామములలో ఉప్పుచెమ్మ తగిలి అల్యూమినియము బూడిదవలె పొడియగును.

మరమ్మతు ఎట్టిదైనను, వెల్డింగు వెనుకవైపున రంగు కాలిపోయి పచ్చిలోహము బయటపడును. పైవైపు మాత్రమే రంగు కొట్టించుకొని వచ్చుట పరిపాటి. వెనుకవైపునకు జింకు కలసిన అస్తరు రంగు పూసి, అతుకు సందులను సీలరుతో మూయింపవలెను. తుప్పు రేకును పలుచన చేసిన చోట అలసట త్వరగా వచ్చును.

బరువు విషయమున ఒక లెక్క గుర్తుంచుకొనదగినది. వెల్డింగు అతుకులపై జరిగిన పరీక్షలనుబట్టి, ప్రతి అదురునందును పడు లాగుడు రెండింతలైనచో అతుకు ఆయువు స్థూలముగా ఎనిమిదవ వంతునకు పడిపోవును. ఎనిమిదేండ్లు నిలువవలసినది ఏడాదికి పగులునన్నమాట. రిజిస్ట్రేషను పత్రమున వ్రాసిన బరువును మించి రెట్టింపు ఎక్కించువారు, ఒక ప్రయాణపు కిరాయి మిగిలినదని సంతసించునపుడు, ఈ లెక్కను కూడ వేసికొందురుగాక. బరువు మోయుటకని కమాను కట్టలలో అదనపు ఆకులు వేయించుట ఇంకొక వాడుక. బండి కూర్చుండదు, నిజమే. కాని కమాను మ్రింగవలసిన దెబ్బ మ్రింగబడక బాడీకి చేరును. ఖాళీబండిని తోలునపుడు ఆ దెబ్బలు మఱియు తీవ్రము. పనిచేయని షాకబ్జార్బరులును ఇట్టి నష్టమే చేయును. అలలవలె గట్లుకట్టిన మట్టిదారిలో వేగము తగ్గించుట, బండివారు చెప్పిన హద్దులోపల టైరుగాలి కొంచెము తగ్గించి తారురోడ్డు చేరగనే మఱల నింపుట, ఖర్చులేని చికిత్సలు.

పాతజీపు కొనదలచిన సభ్యులకు ఒక మాట. క్రొత్తరంగు చూచి మురియక, చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి, ఎక్కుచోటి మూలలయందును, అదనపు చక్రము చుట్టును, టాపు పాదములకడను ఆనించి చూడవలెను. గట్టిగా అంటవలసిన ఉక్కురేకుపై అది జాఱిపోవుచున్నచో, లోపల మందముగ పుట్టీ యున్నదని తెలియును. నేలగుడ్డ ఎత్తి పీఠపు బోల్టులను చూడవలెను. పిమ్మట బండిక్రిందికి దూరి, రబ్బరు దిమ్మలున్నచోట ఇనుపవాషరులు పేర్చియున్నవేమో, చాసీపై స్టీరింగు పెట్టె దగ్గఱను కమాను కొక్కెముల దగ్గఱను క్రొత్త వెల్డింగు గడ్డలున్నవేమో దీపముతో వెదుకవలెను. వాషరులు మాత్రమే కనబడినచో దిమ్మల ఖర్చు ధరలో తగ్గించి బేరమాడవచ్చును. చాసీపై గడ్డలు కనబడినచో, ధర ఎంత తగ్గించినను ఆ బండిని విడిచి రావలెను.